ఏసీ పడదా, ఏసీలోది పడదా?

రండి, కూర్చోండి. ఫ్యాను వేయనా, ఏసీ వేయనా? ఎండాకాలంలో మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల తర్వాత నేనడిగే ప్రశ్న ఇదే. అడిగినవాళ్లలో ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టి "వద్దండీ, నాకు ఏసీ పడదు" అంటారు. నేను వాళ్లతో వాదం పెట్టుకోను. పదేళ్లపాటు ఆ మాట అన్నదాన్నే కదా!

అసలు ఈ "పడదు" అనే మాట ఎంత పనిమంతురాలో చూడండి. వంకాయ పడదు. ఊరు మారితే నీళ్లు పడవు. అత్తాకోడళ్లకు పడదు. వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు 1906లో రెండు గ్రీకు ముక్కలు అతికించి "అలర్జీ" అనే మాట తయారుచేశాడు. మన ముసలమ్మలకు ఆ అవసరం రాలేదు, ఉన్న క్రియతోనే సరిపెట్టేశారు. కాకపోతే దానితో ఒక చిక్కుంది. ఫలానాది పడదు అనేశాక ఇక విచారణ ఉండదు. అందులో ఏది పడలేదు, ఎప్పుడు పడలేదు అని ఎవరూ ఆరా తీయరు. అత్తాకోడళ్ల సంగతిలో ఆరా తీయకపోవడమే క్షేమం. ఏసీ సంగతిలో మాత్రం తీయాలి. నేను తీశాను. ఆ కబుర్లే ఇవి.

మాది విజయవాడ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఊళ్లో రోళ్లతోపాటు మనుషుల ఓపికా పగులుతుంది. రాత్రి తొమ్మిదింటికి తలుపులన్నీ బిగించి ఏసీ వేసి పడుకుంటే, పది నిమిషాలు తిరక్కుండా నాకు తుమ్ములు మొదలయ్యేవి. ఒకటీ రెండూ కాదు. మా ఆయన మంచం మీద లేచి కూర్చుని లెక్కపెట్టేవారు. ఆయన లెక్కలో పెద్ద అంకె 17. తెల్లారేసరికి ముక్కు దిబ్బడ, కళ్ల దురద, గొంతులో గరగర. పడిశం పది రోగాల పెట్టు అన్నారుగా, ఇంట్లో ప్రతివాళ్లూ ఒక వైద్యం చెప్పారు. పసుపు పాలు తాగాను. జీలకర్ర పొగ పీల్చాను. చివరికి ఏసీ మానేసి హాల్లో ఫ్యాను కింద చాప వేసుకున్నాను. మా ఆయన మాత్రం గదిలో, చల్లగా.

అలా ఉండగా ఒక ఏడు ఏప్రిల్‌లో ఏసీ సర్వీసుకు కొత్త కుర్రాడొచ్చాడు.

"ఎన్నాళ్లయిందమ్మా సర్వీసు చేయించి?" అన్నాడు మూత విప్పుతూ.

"పోయినేడు చేయించాం బాబూ. గ్యాసు అయిపోయిందని పట్టించుకున్నారు. అంతకుముందు ఏడూ అంతే."

వాడు స్టూలు మీంచి నావైపు చూసి నవ్వాడు. "ఏసీలో గ్యాసు అయిపోదమ్మా. అదేమన్నా వంటగ్యాసా? ఎక్కడన్నా లీకైతేనే తగ్గుద్ది. లీకు పట్టుకోకుండా ఏడాదికోసారి గ్యాసు కొట్టారంటే..." అని మాట మింగేశాడు. నాకు మాత్రం మింగుడు పడలేదు. ఆ బిల్లులు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

తర్వాత ఏసీ కింద గొడుగులాంటి ప్లాస్టిక్ సంచీ కట్టి, దాని మూతి బకెట్టులో పెట్టి, లైటు వేసి చూపించాడు. "ఇటు రండమ్మా, చూడండి." లోపల బ్లోయరని ఒకటుంటుంది. చపాతీ కర్రను రెట్టింపు పొడుగు చేసి, చుట్టూ సన్నని రెక్కలు చెక్కితే ఎలా ఉంటుందో అలా. తెల్లగా ఉండాల్సిన ఆ రెక్కల నిండా నల్లటి జిగురు, దానిమీద బూజు. నీళ్లు కొట్టగానే బకెట్టులోకి కాటుక కలిపినట్టు నీళ్లు దిగాయి. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. తడి బట్టలు మూటకట్టి రెండ్రోజులు మరిచిపోతే మూట విప్పగానే ఎలా కొడుతుందో అలా కొట్టింది. నేను అక్కడే తుమ్మాను. ఏసీ ఆపే ఉంది సుమండీ, గదిలో చల్లదనమనేదే లేదు. అయినా తుమ్మాను. ముందుగా నాకు అనుమానం వచ్చింది అక్కడే.

ఆ బూజు ఎలా చేరుతుందో ఆ కుర్రాడు రెండు మాటల్లో చెప్పాడు, నేను నాలుగు మాటల్లో చెబుతాను. చల్లటి మజ్జిగ గ్లాసు బల్లమీద పెడితే బయట చెమటపడుతుంది కదా. ఏసీలో రాగి గొట్టాల చట్రం ఆ గ్లాసులాంటిది. గదిలో గాలి దాన్ని తాకగానే గాలిలోని నీరు కొంత దానిమీద చెమటపట్టి కిందికి కారి, తొట్టిలో పడి, గొట్టం గుండా బయటికి పోతుంది. మా ఊళ్లో జూలై రాత్రి ఆ గొట్టం కింద బకెట్టు పెడితే తెల్లారేసరికి నిండిపోతుంది. అంటే లోపల ఎప్పుడూ తడి. ముందున్న జాలీ ఫిల్టరు పెద్ద పెద్ద నూలుపోగులను ఆపుతుందే గానీ సన్నటి దుమ్మును ఆపదు. ఆ దుమ్ము వెళ్లి తడిమీద అంటుకుంటుంది. తడీ, తిండీ, చీకటీ మూడూ ఒకచోట దొరికితే బూజు ఎందుకు ఊరుకుంటుంది? పొద్దున్నే రిమోటు నొక్కి టక్కున ఆపేస్తాం, లోపలి తడి అలాగే ఉండిపోతుంది. రాత్రి మళ్లీ వేయగానే ఆ మొదటి విసురులో బూజు రేణువులు నేరుగా మన మొహం మీదికి. ఆపే ముందు ఓ పావుగంట వట్టి ఫ్యానులా తిప్పి ఆపితే లోపల ఆరుతుంది. ఈ చిన్న సంగతి నాకు పదేళ్లపాటు ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి. గోడకు తగిలించే ఈ స్ప్లిట్ ఏసీ బయట గాలిని లోపలికి తీసుకురాదు. చాలామంది తెస్తుందనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఉన్న గాలినే తిప్పి తిప్పి మనకే వడ్డిస్తుంది. కాబట్టి ఆ గదిలో సాంబ్రాణి వేసినా, అగరొత్తి గుచ్చినా, దోమల చుట్ట వెలిగించినా ఆ పొగ పోయే దారి లేక రాత్రంతా మన ఊపిరితిత్తుల్లోకే రాకపోకలు సాగిస్తుంది. మా ఇంట్లో సాంబ్రాణి ఇప్పుడు దేవుడి గదికే పరిమితం. దేవుడికి కిటికీ ఉంది.

తడి మాట వచ్చింది కనుక ఒక పాత కథ. ఏసీని ఎవరో ఉక్కపోత భరించలేక కనిపెట్టి ఉంటారని కదా మనం అనుకుంటాం. అబ్బే, మనుషుల కోసం కాదు, కాగితాల కోసం. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఒక రంగుల అచ్చాఫీసు ఉండేది. వేసవి తేమకు కాగితం ఉబ్బేది, ఆరితే ముడుచుకునేది. ఒక రంగు అచ్చుకొట్టి రెండో రంగు కొట్టేసరికి బొమ్మ పెదవి మీది ఎరుపు బుగ్గమీదికి వెళ్లేది. వానాకాలంలో పుస్తకాల అట్టలు అప్పడాల్లా వంకర తిరగడం చూసిన మా విజయవాడవాళ్లకు ఈ బాధ వివరించక్కర్లేదు. విల్లిస్ క్యారియర్ అనే 25 ఏళ్ల ఇంజినీరు ఆ ఏడు జూలై 17 తేదీతో ఒక యంత్రం నక్షా గీసిచ్చాడు. చల్లటి గొట్టాల మీదుగా గాలి పంపి అందులోని నీరు పిండేయడమే దాని పని. గది చల్లబడటం కొసరు. క్యారియర్ అంటే మనకు అన్నం క్యారియరే గుర్తొస్తుంది గానీ, ఏసీల మీద కనిపించే ఆ పేరు ఈయన ఇంటిపేరే.

అంటే ఏసీ పుట్టిందే తేమ తీయడానికి. తేమ తీసే యంత్రం అలర్జీ మనిషికి శత్రువెలా అయింది? ఈ ప్రశ్న పట్టుకుని ముక్కు డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన నా మోచేతి కింద బాల్‌పెన్నుతో గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో చుక్క వేసి, ప్రతి చుక్క మీదా సన్నటి ములుకుతో చిన్నగా గుచ్చారు. ఒక చుక్క బొద్దింకది. ఒకటి వయ్యారిభామ పుప్పొడిది. రెండు మూడు బూజులవి. ఒకటి ఉత్త ఉప్పునీరు. ఒకటి ఎవరికైనా దద్దురు తేవలసిన హిస్టమిన్. మరొకటి ఇంటి దుమ్ములో పురుగుది. పదిహేను నిమిషాలు గోకకూడదన్నారు. ఆ పదిహేను నిమిషాలు నా జీవితంలో ఎంత పొడుగ్గా సాగాయో చెప్పలేను. నాకు మాత్రం ఒకటే సందేహం.

"ఇందులో ఏసీ చుక్క ఏదండీ?"

"ఏసీకి చుక్క లేదమ్మా. చల్లదనానికి అలర్జీ చుక్క ఎవరూ తయారు చేయలేదు," అన్నారాయన.

అప్పటికి నా చేతిమీద దుమ్ముపురుగు గడి కందిగింజ కంటే పెద్దగా ఉబ్బింది. 3 మిల్లీమీటర్లు ఉబ్బితే చాలు, పడదని లెక్క. ఒక బూజు గడి పెసరగింజంత లేచింది. వయ్యారిభామ ఏమీ అనలేదు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఆ పూలు చూసినప్పుడల్లా పదేళ్లుగా నేను తిట్టుకుంటున్నాను. పాపం, దాని తప్పేం లేదు.

ఈ దుమ్ముపురుగు ఎవరో తెలుసుకోవాలి మీరు. మిరప రైతుల్ని అడిగితే "నల్లి పట్టింది" అని తలపట్టుకుంటారు చూశారూ, ఆ నల్లికి ఇది దూరపు చుట్టం. మంచంలో కుట్టే నల్లి వేరు. దానికి ఆరు కాళ్లు, దీనికి సాలెపురుగుకున్నట్టు ఎనిమిది. పొడుగు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, కాబట్టి కంటికి ఆనదు. ఇది కుట్టదు, కరవదు. మన ఒంటిమీంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. శాస్త్రం పేరు డెర్మటోఫాగోయిడిస్, అంటే తోలుతిండి అనుకోండి. ఇంటి దుమ్ములో మనుషులకు పడనిది ఏమిటో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. నెదర్లాండ్స్‌లో లైడెన్ పట్నంలో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా అనే పరిశోధకుల బృందం 1964లో వేలెత్తి చూపించింది ఈ పురుగునే. ఆ దేశం నీటిమధ్య దేశం, ఇళ్లు చెమ్మ. అక్కడి ఉబ్బసం రోగుల్ని స్విట్జర్లాండ్‌లో దావోస్ కొండ ఊరికి గాలిమార్పుకు పంపేవారు, మన క్షయరోగుల్ని మదనపల్లె పంపినట్టు. దావోస్ వెళ్లినవాళ్లు తేరుకునేవారు. అంత ఎత్తున గాలి పొడి, ఆ పొడిలో ఈ పురుగు బతకలేదు.

ఎందుకు బతకలేదంటే, దానికి నీళ్లు తాగే అలవాటు లేదు. గాలిలోని తేమనే ఒంటితో పీల్చుకుంటుంది. గాలిలో తేమ 50 శాతం దిగువకు పడి అలాగే కొన్నాళ్లుంటే ఎండి చస్తుంది. 70, 80 శాతం ఉంటే దాని సంసారానికి అడ్డులేదు. పోనీ అది ఉంటే ఉండనీ అనుకుందామంటే, ఒక్కో పురుగు రోజుకు 20 దాకా పెంటికలు పెడుతుంది. మనకు పడనిది ముఖ్యంగా వాటిలోని పదార్థమే. అవి కాస్త బరువైనవి, గాలిలో తేలుతూ ఉండవు. పరుపు దులిపితే లేస్తాయి, అరగంటలో మళ్లీ కూర్చుంటాయి. కూర్చునేది ఎక్కడ? దిండులో, పరుపులో, దుప్పట్లో.

ఇది విన్నాక నాకు దీపం వెలిగింది. నాకు తుమ్ములు మొదలయ్యేది ఏసీ వేసినప్పుడు కాదు, దిండుమీద తల పెట్టినప్పుడు. రెండూ ఒకే నిమిషంలో జరుగుతాయి కాబట్టి నేరం ఏసీ నెత్తిన పడింది. బ్లోయరులో బూజు రెండో ముద్దాయి. అసలు దొంగ నా బుగ్గకింద ఉంది. హాల్లో చాపమీద హాయిగా నిద్రపట్టింది చాపకు పరుపు లేదు గనుక, ఫ్యాను గొప్ప కాదు.

చల్లదనానికి అసలేమీ పాత్ర లేదా అంటే, ఉంది. 42 డిగ్రీల ఎండలోంచి 18 డిగ్రీల గదిలోకి దూకితే ఎవరి ముక్కైనా బెదురుతుంది, నీరు కారుస్తుంది. అది ముక్కు నరాల గోల, అలర్జీ కాదని డాక్టరుగారే చెప్పారు. గాలి నేరుగా మొహానికి కొట్టకుండా రెక్కలు పైకి తిప్పి 25 మీద పెట్టుకుంటే చాలు. మన దేశంలో 2020 నుంచి కొత్త ఏసీలు వేయగానే 24 మీద మొదలయ్యేలా చేశారు, కరెంటు ఆదా కోసం. ముక్కుల ఆదా కూడా అందులో కలిసొచ్చింది. రిమోటులో నీటిచుక్క బొమ్మ ఒకటుంటుంది, ఎవరూ నొక్కరు. వానాకాలంలో చలి ఎక్కువ పెట్టకుండా తేమ తీయడానికే అది. నొక్కి చూడండి.

తేమ ఎంతుందో ఎలా తెలుస్తుందంటారా? ఇప్పుడు చిన్న మీటర్లు వచ్చాయి, గడియారంలా గోడకు పెట్టుకోవచ్చు. మా అత్తగారి కాలంలో ఆ పని ఉప్పుజాడీ చేసేది. ఉప్పు ముద్దకట్టి అడుగున నీరు చేరిందంటే "గాలి చెమ్మదేరింది, అప్పడాలు డబ్బాలో పెట్టండే" అనేది ఆవిడ. తర్వాత పుస్తకంలో చూసి ఆశ్చర్యపోయాను. శుభ్రమైన ఉప్పు నీరుకారడం మొదలుపెట్టేది గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడు. కల్లుప్పు ఇంకా ముందే చెమర్చుతుంది. అంటే ఉప్పు కారే ఇంట్లో పురుగుకు పండగే. ఆవిడకు పురుగు సంగతి తెలియదు గానీ, ఏటా శివరాత్రి దాటగానే పరుపులన్నీ దాబామీదికి ఎక్కించి, ఎండలో రెండు పూటలు కాల్చి, కర్రతో బాదించేది. బూరుగు దూది పరుపులు అవి. మండుటెండలో పరుపు ఎండితే పురుగు చస్తుంది, బాదితే దాని పెంట రాలుతుంది. బాదేవాళ్లు మూతికి గుడ్డ కట్టుకోవాలన్నది ఒక్కటే ఆవిడ చెప్పని మాట. ఇప్పటి పరుపును దాబామీదికి మోయాలంటే క్రేను కావాలి.

ఉప్పుజాడీ అనగానే మా హైదరాబాదు రోజులు గుర్తొచ్చాయి. 1990ల్లో చిక్కడపల్లిలో అద్దెకుండేవాళ్లం. ఏసీ కొనే స్తోమత లేదు, ఇనప కూలరు కొన్నాం. మూడుపక్కలా కర్రపీచు గడ్డి, కింద నీళ్లతొట్టి, లోపల రాక్షసి ఫ్యాను. మార్చి, ఏప్రిల్‌లో హైదరాబాదు గాలి ఎండుటాకులా ఉంటుంది. తడిగడ్డి గుండా ఆ గాలి వచ్చేసరికి తొలకరి వాసనతో చల్లగా ఒళ్లు జల్లుమనేది. కోస్తాలో ఆ కూలరు పెట్టుకుంటే మాత్రం ఉక్కకు ఇంకో చెంబుడు నీళ్లు చేర్చినట్టే. ఏసీ తేమ పిండితే కూలరు తేమ పోస్తుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి "చల్లగాలి పడదు" అనడం ఎంత పొరపాటో చూడండి.

కూలరున్నప్పుడు ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి, వచ్చిన గాలి వచ్చినట్టు వెళ్లిపోవాలి. మా ఆయనకు అది నచ్చేది కాదు. "చల్లదనమంతా పక్కింటివాళ్లకు పోతోంది" అని కిటికీ మూసేవారు. వారంలో వంటింట్లో ఉప్పు కారడం మొదలైంది, అదీ ఏప్రిల్‌లో! బీరువాలో తోలుబెల్టు మీద తెల్లటి బూజు. గడ్డి ఏమో పోయినేటిదే, మార్చడానికి బద్ధకించి దులిపి బిగించాం. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు. రాత్రిళ్లు దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. మా అత్తగారు మృగశిర కార్తెకు చేపమందు వేయించాల్సిందే అని పట్టుబట్టింది. వేయించాం. చేప దిగింది, అమ్మాయి ఏడ్చింది, ఆ మర్నాడే వాన పడింది, కూలరు ఆపి కిటికీలు బార్లా తెరిచాం. పది రోజుల్లో పిల్లికూతలు తగ్గాయి. ఘనత చేపకు పోయింది. ఇప్పుడు తలచుకుంటే నాకు ఆ పాత గడ్డిమీదే అనుమానం. కూలరువాడేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: ఏడాదికోసారి గడ్డి కొత్తది వేయండి, వారానికోసారి తొట్టి ఖాళీ చేసి ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది కూడా అందులోనే.

ఆ పిల్లికూతల అమ్మాయే ఇప్పుడు షికాగో దగ్గర ఉంటోంది. చల్లదనం కథలు అయ్యాయి, వేడి కథ చెబుతాను. మన వైపు ఇల్లంతా వెచ్చబెట్టే అవసరం లేదు. లంబసింగిలోనో ఆదిలాబాదులోనో నెగడు వేసుకుంటారు. అదీ ఆరుబయటే. బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకోవడం అలర్జీతో పోయేది కాదు, ప్రాణాలతో పోయేది. అమెరికాలో అలా కాదు. ఇంటికింద బేస్‌మెంటులో ఫర్నేసు అని ఒక కొలిమి, అక్కడినుంచి గదిగదికీ రేకు గొట్టాలు, నేలమీద జల్లెడల్లాంటి రంధ్రాలు. వేసవిలో వాటిలోంచే చల్లగాలి, శీతకాలంలో వేడిగాలి.

మేం వెళ్లింది అక్టోబరులో. ఒక రాత్రి చలి దిగింది. మా అల్లుడు గోడమీద ఏదో నొక్కాడు. కింద భుగ్గుమన్న చప్పుడు, కాసేపటికి నేలలోంచి కాలుతున్న వాసన. నేను పరుగున స్టవ్వు దగ్గరికి వెళ్లాను, పాలు మాడాయని.

"ఏం లేదు అత్తయ్యగారూ, ఎండాకాలమంతా లోపల పేరుకున్న దుమ్ము కాలుతోంది. గంటలో పోతుంది," అన్నాడు.

పోయింది, నిజమే. కానీ అప్పటికి మా ఆయన నా తుమ్ముల లెక్క 9 దాకా తెచ్చారు. మర్నాడు అల్లుణ్ణి వెంటబెట్టుకుని బేస్‌మెంటులోకి దిగాను. కొలిమి పక్క సందులోంచి అట్టచట్రం ఒకటి లాగాడు. ముడతలు ముడతలుగా తెల్లగా ఉండాల్సిన ఆ ఫిల్టరు మీద బూడిదరంగు దుప్పటి పరిచినట్టు దుమ్ము. వేలితో చుడితే చాపలా లేచి వచ్చింది. "ఎప్పుడు మార్చావు నాయనా?" అంటే, "ఇల్లు కొన్నప్పుడు ఉన్నదే అనుకుంటా" అన్నాడు. కుర్రాడు కంప్యూటర్ల ఇంజినీరు! అంగుళం మందం ఫిల్టరును మూడు నెలలు దాటనీయకూడదు. ఎంత సన్నగా వడకడుతుందో చెప్పే అంకె ఒకటుంటుంది, మెర్వ్ అంటారు. 8 అంటే మామూలు, 13 అంటే చాలా సన్నటిది. సన్నటిది కదా అని 13 కొని పాత కొలిమికి తొడిగితే గాలి ఆడక అది ఆయాసపడుతుంది. మన ముతక పిండి జల్లెడలో మైదా పోసినంత తేలిక కాదు, మెషీన్ ఏది మోయగలదో అడిగి కొనాలి.

ఆ ఇంట్లో మా మనవరాలు పిల్లిని పెంచుతోంది. పిల్లి ఒంటిమీద పదార్థం దుమ్ముపురుగు పెంటికలా కింద కూర్చోదు, గంటల తరబడి గాలిలో తేలుతుంది. కొలిమి గాలి దాన్ని పిల్లి ఎక్కని గదికి కూడా చేరవేస్తుంది. కాబట్టి పిల్లి ఉన్న ఇంటికి ఫిల్టరు ప్రాణం, పురుగు ఉన్న ఇంటికి పరుపు ప్రాణం.

డిసెంబరు వచ్చింది. నా పెదవులు పగిలాయి, తలుపు గొళ్లెం ముట్టుకుంటే చిటుక్కున షాకు, ఒక తెల్లవారుజామున ముక్కులోంచి రక్తం. భయపడ్డాను. వంటింట్లో ఉప్పుడబ్బా తీసి చూస్తే గలగలా ఇసుకలా జారుతోంది. అప్పుడు అర్థమైంది. మైనస్ 10 డిగ్రీల చలిలో గాలి నిండా తేమ ఉన్నా ఒక ఘనపు మీటరుకు రెండున్నర గ్రాముల నీరు కూడా పట్టదు. ఆ గాలినే ఇంట్లోకి తెచ్చి 21 డిగ్రీలకు కాస్తే, అదే దోసెడు నీరు పెద్ద గంగాళంలో పోసినట్టు తేమ 10, 12 శాతానికి పడిపోతుంది. వంటలూ స్నానాలూ కాస్త కలిపినా ఎడారే. పురుగుకు ఆ గాలి గిట్టదు, అది మంచిదే. కానీ ముక్కులోపలి తడి పొర కూడా ఎండి పగులుతుంది, ఇక దుమ్మును ఆపేదెవరు?

మా ఆయన రంగంలోకి దిగారు. తేమ పోసే హ్యూమిడిఫయర్ కొనిపించి, కుళాయి నీళ్లు నింపి, రాత్రింబవళ్లు నడిపారు. వారానికి బల్లలమీద ముగ్గుపిండిలా తెల్లటి పొడి. అది కుళాయి నీళ్లలోని ఉప్పులు. కిటికీ అద్దాలు ఏడవసాగాయి, చట్రం మూలల్లో నల్లటి చుక్కలు మొలిచాయి. చిక్కడపల్లి కూలరు షికాగోలో మళ్లీ పుట్టింది! మా అమ్మాయి పది డాలర్లు పెట్టి తేమ మీటరు తెచ్చి గోడకు పెట్టింది. 30 దిగితే వేయడం, 50 దాటితే ఆపడం, ఉప్పులు లేని డిస్టిల్డ్ నీళ్లే పోయడం, తొట్టి రోజూ కడగడం. అప్పటినుంచి అందరి ముక్కులూ సద్దుమణిగాయి.

తిరిగొచ్చాక మా ఇంట్లో మార్చినవి ఎక్కువేం లేవు. దిండ్లకూ పరుపుకూ జిప్పు ఉన్న గలీబులు, పురుగు దూరనివి, తొడిగించాను. దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతుకుతాను, చన్నీళ్లకు ఆ పురుగు చావదు. కొత్త పరుపుకు ప్లాస్టిక్ కవరు ఏళ్ల తరబడి తీయనివాళ్లను చూసి నేను నవ్వేదాన్ని. పడుకుంటే కరకరలాడుతుంది గానీ, తుమ్ముల లెక్కన చూస్తే వాళ్లే నాకంటే తెలివైనవాళ్లు. ఇక ఏసీ ఫిల్టరు ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి నేనే తీసి కుళాయి కింద పెడతాను. బ్లోయరు మాత్రం ఏడాదికోసారి ఆ కుర్రాడే వచ్చి కడుగుతాడు. గ్యాసు ఊసెత్తడు. మా ఆయన లెక్కపెట్టడం మానేసి రెండేళ్లయింది, లెక్కపెట్టేంత రావడం లేదు.

సరే, ఇందాకటినుంచి నేనే మాట్లాడుతున్నాను. మీ ఏసీ మూత ఎత్తి చూసి ఎన్నాళ్లయింది? గుర్తులేదు కదూ. మూత ఎత్తడానికి మెకానిక్కు అక్కర్లేదు, రెండు పక్కలా వేళ్లు పెట్టి పైకి లాగితే వస్తుంది. జాలీ బయటికి తీసి వెలుతురుకు పట్టి చూడండి. అవతలి వెలుతురు కనిపించకపోతే మీ తుమ్ముల సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. ముందు మెయిన్ స్విచ్చి ఆపండి. కుర్చీ ఎక్కేటప్పుడు ఎవరినన్నా పట్టుకోమనండి.